ఏ రోజు, ఏ గంట, ఏ గొట్టం: రక్తపరీక్షలు సరిగ్గా చేయించుకోవడం ఎలా

కాలువలకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాక మా ల్యాబు అరుగు మీద రోజూ వినపడే ప్రశ్న ఒకటుంది. "నిన్న డెంగీ లేదన్నారు, ఇవాళ ఉందంటున్నారు. ఏది నిజమండీ?"

రెండూ నిజమే కావచ్చు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య జ్వరం ఒక రోజు ముదిరింది. లేదా నిన్న చేసిన పరీక్ష ఒకటి, ఇవాళ చేసింది మరొకటి.

కోనసీమలో ఒక చిన్న ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా సూదులు గుచ్చుతున్నాను. యంత్రం చేసిన తప్పులకన్నా, నమూనా యంత్రం దాకా చేరకముందే జరిగిపోయిన తప్పులే ఎక్కువ చూశాను. ఏ పరీక్ష కావాలో చెప్పేది డాక్టరుగారు. ఆ పరీక్ష చెడకుండా చూసుకోవడానికి మాత్రం మీ వంతు పని చాలా ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను.

1. జ్వరం రోజులు లెక్కపెట్టండి

ఒళ్లు వేడెక్కిన రోజే మొదటి రోజు. ఆసుపత్రికి వెళ్లిన రోజు కాదు. చాలామంది ఇక్కడే తప్పుతారు. ఆదివారం సాయంత్రం చలి పుట్టి, మంగళవారం డాక్టరు దగ్గరకు వెళ్లి "నిన్నటి నుంచి" అంటారు. ఆ ఒక్క రోజు తేడాతో పరీక్ష ఎంపికే మారిపోతుంది.

ల్యాబుకు వచ్చే ముందు ఒక చీటీ మీద ఇవి రాసుకోండి:

- జ్వరం మొదలైన తేదీ, పూట
- ఇప్పటిదాకా వేసుకున్న మందులు (మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా, పేరు తెలియకపోతే ఖాళీ అట్ట తెండి)
- గత రెండు మూడు వారాల్లో చేసిన ప్రయాణాలు. ముఖ్యంగా పాపికొండలు దాటి ఏజెన్సీకి వెళ్లివచ్చారా?
- బురదలో, రొయ్యల చెరువు దగ్గర, గడ్డివాములో చేసిన పని
- ఒంటి మీద కొత్త మచ్చ, పొక్కు

"జ్వరం బిళ్ల వేసుకున్నాను, పరీక్ష పాడవుతుందా?" అని అడుగుతారు. పారాసెటమాల్ వల్ల ఈ జ్వరం పరీక్షలేవీ చెడవు. చెడగొట్టేవి యాంటీబయాటిక్, మలేరియా మాత్రలు. డెంగీ అనుమానం ఉన్నన్నాళ్లు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి మాత్రం వెళ్లకండి. రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

2. ఏ రోజుకు ఏ పరీక్ష

*మలేరియా.* దీనికి రోజులతో పని లేదు, మొదటి రోజే చేయించవచ్చు. వేలి నుంచి చుక్క తీసి గాజుపలక మీద ఒక మందపు పూత, ఒక పలుచని పూత వేస్తారు. మందపు పూత పరాన్నజీవి ఉందో లేదో చెబుతుంది, పలుచనిది ఏ రకమో చెబుతుంది. మందు మొదలుపెట్టకముందే తీయాలి. ఒకసారి లేదని వచ్చినంత మాత్రాన కొట్టిపారేయలేము. అనుమానం బలంగా ఉంటే 12 నుంచి 24 గంటల ఎడంతో మరో రెండుసార్లు చూడాలి. చుక్క రక్తం వేస్తే నిమిషాల్లో గీత చూపే కార్డు పరీక్షతో ఒక చిక్కుంది. ఫాల్సిపేరం రకానికి అది వెతికే పదార్థం జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి రక్తంలో ఉండిపోతుంది. నెల కిందట మలేరియాకు మందు వాడినవారికి కార్డు మీద గీత పడితే పూత చూడకుండా మళ్లీ మందు మొదలుపెట్టకూడదు.

*డెంగీ.* మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్‌1. ఇది వైరస్ సొంత పదార్థాన్ని పట్టుకుంటుంది. ఐదో రోజు తర్వాత ఐజీఎం. ఇది మన ఒంట్లో తయారైన ప్రతిరక్షకాన్ని పట్టుకుంటుంది. రెండో రోజు ఐజీఎం చేయిస్తే లేదని వస్తుంది, ఎనిమిదో రోజు ఎన్‌ఎస్‌1 చేయిస్తే లేదని వస్తుంది. జబ్బు మాత్రం రెండుసార్లూ ఉంటుంది. నాలుగు, అయిదు రోజుల మధ్యలో ఉంటే రెండూ కలిపి చేయించడమే మేలు. ఐజీఎం రెండు మూడు నెలలు నిలుస్తుంది కాబట్టి ఉగాదికి వచ్చిన డెంగీ జ్యేష్ఠంలో కూడా కార్డు మీద కనపడవచ్చు.

కార్డు మీద గీత పడితే అది అనుమానమే. ప్రభుత్వ కార్యక్రమంలో డెంగీ అని లెక్కలోకి తీసుకునేది ఎలీసా పద్ధతిలో (కార్డు మీద కాక, ల్యాబు యంత్రంతో కొలిచే పద్ధతి) తేలినదాన్ని. మీ రిపోర్టులో 'ఎలీసా' అనే మాట ఉందో లేదో చూసుకోండి.

*స్క్రబ్ టైఫస్.* గడ్డిలో, పొదల్లో ఉండే నల్లిజాతి పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు. చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర, రొమ్ముల కింద దాక్కుంటుంది. ఆడవాళ్లు చెప్పడానికి మొహమాటపడతారు, డాక్టరు చూడరు, జ్వరం పదో రోజుకు వెళుతుంది. స్నానం చేసేటప్పుడు మీరే వెతుక్కోండి. కనపడితే వెంటనే చెప్పండి, ఆ చెక్కు రక్తపరీక్షకన్నా ముందే జబ్బు పేరు చెప్పేస్తుంది. ఐజీఎం ఎలీసా మొదటి వారం చివర్లోగానీ పలకదు.

*లెప్టోస్పైరోసిస్.* ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో కాళ్లు పెట్టినవారికి వస్తుంది. కాలి పగుళ్లే దానికి దారి. పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, కామెర్లు ఉంటే నాట్లు, కోతల పని గురించి తప్పక చెప్పండి. దీని ఐజీఎం కూడా మొదటి వారం దాటేటప్పుడే.

ఈ రెండింటికీ రిపోర్టు వచ్చేదాకా మందు ఆపి కూర్చోకూడదు. అనుమానం బలంగా ఉంటే డాక్టరు ముందే మందు మొదలుపెడతారు. "పరీక్ష రాకుండానే మందు రాశారు" అని వారితో తగువు పెట్టుకోకండి.

3. టైఫాయిడ్, విడాల్ వ్యవహారం

దీనికి వేరే శీర్షిక పెట్టడానికి కారణం నా కోపమే.

మా ప్రాంతంలో జ్వరం వచ్చిన రెండో రోజే విడాల్ చేయించి, "టైఫాయిడ్ ఉంది" అనిపించుకుని, ఇంజెక్షన్ల కోర్సు పూర్తిచేసినవారు ఊరికి పది మంది దొరుకుతారు. విడాల్ చూసేది ప్రతిరక్షకాలను. అవి మొదటి వారం చివరికిగానీ పెరగవు. పైగా పాత టైఫాయిడ్, పాత టీకా, వేరే జ్వరాలు కూడా ఆ అంకెను పైకి లేపుతాయి. 1:80, 1:160 అనే అంకె ఒక్కసారి చూసి తేల్చడం కుదరదు. వారం పది రోజుల ఎడంతో రెండుసార్లు చేసి, నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తేనే దానికి కొంత విలువ. పలక మీద చేసే విడాల్ మరీ నమ్మకం లేనిది.

సరైన దారి రక్తం కల్చర్, అంటే రక్తంలోని సూక్ష్మజీవులను సీసాలో పెంచి చూసే పరీక్ష. అది కూడా మొదటి వారంలో, మొదటి యాంటీబయాటిక్ మాత్ర మింగకముందే. దీనికి ఇలా సిద్ధం కావాలి:

- పెద్దవారికి ఒక్కో సీసాకు 8 నుంచి 10 మి.లీ. రక్తం కావాలి. "ఇంత రక్తమా!" అని తగ్గించమనకండి. రక్తంలో ఆ సూక్ష్మజీవులు చాలా తక్కువగా ఉంటాయి, రక్తం తగ్గితే అవి దొరకవు. పిల్లలకు 1 నుంచి 3 మి.లీ. చాలు.
- చర్మానికి రాసిన మందు ఆరేదాకా ఆగాలి. ఊది ఆరబెట్టకూడదు.
- సీసాను ఫ్రిజ్‌లో, ఐసులో పెట్టకూడదు.

ఆ చివరి మాట మా ల్యాబులోనే దెబ్బతిని నేర్చుకున్నాం. ఒకసారి నది అవతలి నుంచి వచ్చిన కల్చర్ సీసాను, మంచి ఉద్దేశంతోనే, మిగతా నమూనాలతో కలిపి ఐసు పెట్టెలో సర్దారు. పంటు ఆలస్యమై మూడు గంటలు అందులోనే ఉంది. ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. ఆ పిల్లవాడికి అప్పటికే మందు మొదలైంది, మళ్లీ తీసినా లాభం లేదు.

కల్చర్ రిపోర్టు సాధారణంగా రెండు మూడు రోజుల్లో తేలుతుంది. ఏమీ లేదని తేల్చడానికి ఐదు రోజులు ఆగుతారు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవారిలో కూడా దాదాపు సగం మందిలోనే అది దొరుకుతుంది కాబట్టి, కల్చర్‌లో రాలేదంటే జబ్బు లేదని కాదు. ఏ మందుకు లొంగుతుందో చెప్పేది మాత్రం అదొక్కటే.

4. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే

ముందు కంగారు తగ్గించుకుని ఈ వరుసలో చూడండి.

మొదట, ఆ అంకె నిజమేనా? మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండాలి. ఊదారంగు మూత గొట్టంలోని రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుత్తులుగా అంటుకుంటాయి. యంత్రం ఒక గుత్తిని ఒకటిగా లెక్కపెట్టడమో, అసలు లెక్కలోకి తీసుకోకపోవడమో చేస్తుంది. ఒంట్లో జ్వరం లేదు, మనిషి బాగానే ఉన్నారు, అంకె మాత్రం 40 వేలు ఉందంటే ఇదే కావచ్చు. "పూత వేసి కంటితో చూశారా?" అని అడగండి. అవసరమైతే లేత నీలం మూత గొట్టంలో మళ్లీ తీయమనండి.

రెండోది, పక్క వరుసలో ఉండే పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పే అంకె. డెంగీలో డాక్టరు దాన్ని ప్లేట్‌లెట్లతో సమానంగా, కొన్నిసార్లు ఎక్కువగా చూస్తారు. అది మొదటి రోజుల్లో ఉన్నదానికన్నా 20 శాతం పెరిగితే రక్తనాళాల నుంచి ద్రవం బయటకు కారుతోందని అర్థం. అందుకే తొలి రిపోర్టు పారేయకూడదు, పోల్చడానికి అదే ఆధారం.

మూడోది, రోజూ ఒకే ల్యాబులో చేయించండి. ఉదయం అమలాపురంలో, సాయంత్రం రాజోలులో చేయించి రెండు యంత్రాల అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే గుండెదడ తప్ప ఏమీ మిగలదు.

జ్వరం దిగిందని ఇంటికి వెళ్లిపోయే రోజే డెంగీలో జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, చేతులు చల్లబడటం, మూత్రం తగ్గడం... వీటిలో ఏది కనపడినా ల్యాబుకు కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

5. బోదకాలు: పగటి రక్తంలో దొరకదు

గోదావరి జిల్లాల్లో బోదకాలు పాత శత్రువు. దాని సూక్ష్మ పురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య ఎక్కువగా చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఇంటింటికీ వచ్చి వేలి నుంచి రక్తం తీస్తారు. తలుపు తీయడానికి విసుక్కోకండి. పగలు వెళ్లి పూత చేయించి "లేదు" అనిపించుకున్న రిపోర్టుకు విలువ లేదు. యాంటీజెన్ పట్టీ పరీక్షను ఏ వేళలోనైనా చేయవచ్చు. కాలు బాగా వాచిపోయిన పాత కేసుల్లో రాత్రి రక్తంలో కూడా పురుగులు చాలాసార్లు కనపడవు.

6. ఇంట్లో మీరే తీసే నమూనాలు

*కఫం.* పెద్దవాళ్లు గళ్ల పరీక్ష అంటారు. రెండు వారాలు దాటిన దగ్గుకు ఇది తప్పనిసరి. రెండు నమూనాలు కావాలి: వెళ్లిన రోజు అక్కడే ఒకటి, మర్నాడు నిద్ర లేవగానే ఒకటి.

- నోరు మంచినీళ్లతో పుక్కిలించాలి
- ఆరుబయట నిలబడి తీయాలి. స్నానాలగదిలో, వంటింట్లో వద్దు
- రెండు మూడుసార్లు నిండా ఊపిరి తీసి, లోపలి నుంచి దగ్గాలి
- అర చెంచా నుంచి చెంచా దాకా, చిక్కగా ఉండాలి. పలుచగా, నురగగా ఉంటే అది ఉమ్ము
- మూత బిగించి, వీలైనంత త్వరగా ఇవ్వాలి

సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్షయ ఉందా అని, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అని గంటల్లోనే చెబుతాయి. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ప్రతిరక్షకాలు చూసి క్షయ తేల్చే రక్తపు కిట్లను మన దేశంలో 2012లోనే నిషేధించారు. ఎవరైనా అలాంటి కిట్టుతో చేస్తామంటే ఒప్పుకోకండి.

*మూత్రం.* శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టాలి. డబ్బా ల్యాబు ఇచ్చినదే కావాలి, ఇంట్లో కడిగిన మందు సీసా పనికిరాదు. కల్చర్ కోసమైతే రెండు గంటల్లో చేరాలి. ఆలస్యమైతే దీన్ని ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, 24 గంటలు ఆగుతుంది. రక్తం కల్చర్‌కు వద్దన్నాను, మూత్రానికి పర్వాలేదంటున్నాను. రెండూ కలిపేసుకోకండి.

7. షుగరు: పరగడుపు అంటే పరగడుపే

"పరగడుపునే వచ్చాను తల్లీ, ఒక్క బొండం తాగానంతే."

ఈ మాట వారానికి రెండుసార్లయినా వింటాను. చుట్టూ కొబ్బరితోటలున్న చోట బొండం నీళ్లు నీళ్లతో సమానమే. పరీక్షకు మాత్రం కాదు. ఒక బొండంలో రెండు మూడు చెంచాల చక్కెరంత తీపి ఉంటుంది. చక్కెర లేని టీ కూడా వద్దు, పాలలో తీపి ఉంది. మంచినీళ్లు తాగవచ్చు, తాగాలి కూడా. నరం బాగా దొరుకుతుంది.

పాటించవలసిన వరుస:

1. రాత్రి భోజనానికీ రక్తానికీ మధ్య కనీసం 8 గంటలు ఉండాలి. పద్నాలుగు గంటలు మాడ్చుకోవడం అవసరం లేదు.
2. ముందు రోజు ఉపవాసం చేయకండి. మామూలుగా తినేది తినండి.
3. తెల్లవారుజామున చేలోకి వెళ్లి పని చేసి రాకండి. ఒళ్లు అలిసేలా పనిచేస్తే అంకె మారుతుంది.
4. షుగరు మాత్ర, ఇన్సులిన్ వాడేవారు వాటిని వెంట తెచ్చుకుని, పరగడుపు రక్తం ఇచ్చాక టిఫినుతో పాటు మామూలుగా వేసుకోవాలి.
5. తిన్నాక పరీక్షకు రెండు గంటలు. మొదటి ముద్ద నోట్లో పెట్టిన క్షణం నుంచి లెక్క, చేయి కడిగినప్పటి నుంచి కాదు.
6. ఆ రోజు టిఫిను రోజూ తినేదే కావాలి. పరీక్ష కదా అని ఒక్క ఇడ్లీతో సరిపెడితే మోసపోయేది ఎవరు?

అంకెలు ఇవి. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది, 100 నుంచి 125 హెచ్చరిక, 126 లేదా అంతకు మించితే మధుమేహం. 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 లేదా పైన ఉంటే మధుమేహం. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 హెచ్చరిక, 6.5 నుంచి మధుమేహం. అతిదాహం, అతిమూత్రం లాంటి లక్షణాలేవీ లేనివారికి ఒక్క అంకెతో ముద్ర వేయరు, రెండో పరీక్షతో నిర్ధారించుకుంటారు.

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు. పరీక్ష ముందు మూడు రోజులు పూతరేకులు మానేసి దాన్ని తగ్గించడం సాధ్యం కాదు. అయితే దానికీ బలహీనత ఉంది. ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు. ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బుల్లో, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలో తప్పుగా చూపుతుంది. అందుకని హిమోగ్లోబిన్ అంకె పక్కన పెట్టుకునే దాన్ని చదవాలి.

గర్భిణులకు లెక్క వేరు. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తారు. 140 లేదా పైన ఉంటే గర్భకాల మధుమేహం. తొలిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య చేయించాలి.

ఇంట్లో మీటరుతో చూసుకునేవారు ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే 300 కనపడి ఇల్లంతా గోల అవుతుంది. మంచి మీటరుకు కూడా ల్యాబు అంకెతో 15 శాతం దాకా తేడా ఉండవచ్చు. మందు వాడేవారు రోజువారీ చూసుకోవడానికి అది చాలు, జబ్బు ఉందో లేదో తేల్చడానికి చాలదు.

8. థైరాయిడ్, కొవ్వులు

థైరాయిడ్‌కు పరగడుపు తప్పనిసరి కాదు, కానీ ప్రతిసారీ ఒకే వేళకు, ఉదయం మాత్ర వేసుకోకముందు ఇవ్వండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే చెప్పి, డాక్టరు సలహాతో రెండు మూడు రోజుల ముందే ఆపండి. కొవ్వుల్లో ట్రైగ్లిజరైడ్ల కోసం పరగడుపు కావాలి. అవి 400 దాటితే లెక్కగట్టి వేసే ఎల్‌డీఎల్ (చెడు కొవ్వు) అంకెను నమ్మకూడదు, నేరుగా కొలవమనాలి.

9. సూది గుచ్చే ఆ రెండు నిమిషాలు

మొహం అటు తిప్పుకోకుండా ఇవి గమనించండి:

- రబ్బరు పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచకూడదు
- పిడికిలి మాటిమాటికీ బిగించి వదలకండి, పొటాషియం దొంగగా పెరుగుతుంది
- సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయకూడదు
- గొట్టాల వరుస: ముందు కల్చర్ సీసా, తర్వాత లేత నీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివరికి బూడిదరంగు
- ఊదా గొట్టాన్ని కుదపకుండా, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి
- మీ పేరు, వయసు, వేళ గొట్టం మీద మీ కళ్ల ముందే రాయాలి

వరుస తప్పి ఊదా గొట్టంలోని రసాయనం పసుపు గొట్టంలోకి చేరితే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనపడతాయి. ఆ రిపోర్టు పట్టుకుని గుండె డాక్టరు దగ్గరకు పరుగెత్తినవారున్నారు.

10. లంక నుంచి ల్యాబుకు

ఇంటికి వచ్చి రక్తం తీసే పద్ధతి లంక గ్రామాలకు ఎంతో మేలు. చిక్కల్లా ప్రయాణమే. గొట్టంలోని రక్తకణాలు బతికే ఉంటాయి, అవి గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం. 130 ఉన్న షుగరు రెండు గంటల తర్వాత 115 దగ్గరకు రావచ్చు, అంటే మధుమేహం కాస్తా హెచ్చరికగా మారిపోతుంది. బూడిదరంగు మూత గొట్టం దీన్ని ఆపుతుంది, కానీ అది పూర్తిగా పనిచేయడానికే గంట పైన పడుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడాల్సిన రోజు షుగరు కోసమైతే మీరే నరసాపురం వెళ్లి అక్కడ చేయి చాపడం నయం.

రక్తం తీయడానికి వచ్చిన అబ్బాయిని అడగండి: "ఎన్ని గంటలకు ల్యాబుకు చేరుతుంది బాబూ?" జవాబు లేకపోతే ఆ పూట వద్దనండి.

11. రిపోర్టు చేతికి వచ్చాక

పేరు, వయసు, నమూనా తీసిన వేళ సరిచూసుకోండి. అంకె పక్కన ఆ ల్యాబు ఇచ్చిన హద్దులు, పరీక్ష చేసిన పద్ధతి చూడండి. 'నమూనాలో ఎర్రకణాలు చిట్లాయి' అన్న అర్థంలో హిమోలైజ్డ్ అని రాసి ఉంటే పొటాషియం అంకెను లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ ఇవ్వండి.

మనిషి పరిస్థితికీ అంకెకూ పొంతన లేకపోతే మళ్లీ చేయమని అడగడానికి సంకోచించకండి. సరైన ల్యాబు వాళ్లు నొచ్చుకోరు. నేనైతే గొట్టం ఇంకా ఉంటే అప్పటికప్పుడు మళ్లీ పెట్టి చూస్తాను.

పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే సంచిలో పెట్టి, ఫోనులో ఫోటోలు కూడా తీసి ఉంచుకోండి. లంకల్లో ఉండేవారు ఆ సంచిని ప్లాస్టిక్ కవరులో చుట్టి, వరద నీళ్లు అందని ఎత్తులో అటక మీద పెట్టండి.